నాపరాతి మెట్లు, వాగునీరు: సమీప్ పడోరా సంస్థ నిర్మాణాల్లో స్థానికత

వ్యాససంగ్రహం: ముంబయి కేంద్రంగా పనిచేసే సమీప్ పడోరా అండ్ అసోసియేట్స్ అనే వాస్తుశిల్ప సంస్థ 2020లో నంద్యాల సమీపాన ఒక వేంకటేశ్వరాలయాన్ని పూర్తిచేసింది. ఆ ఆలయాన్ని, అదే సంస్థ మహారాష్ట్రలో నిర్మించిన జేతవన్ (2016), మాయా సోమైయా గ్రంథాలయం (2018) అనే నిర్మాణాల సరసన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థానిక పదార్థాల వినియోగం ఈ సంస్థకు తరచు దక్కే ప్రశంస. రాయి ఎక్కడిదన్న ఒక్క ప్రశ్నతో ఆ ప్రశంసను తూచలేమనీ, నీరు ఎటు పోతున్నదో, నిర్మాణం ఎవరి చేతులమీదుగా నిలుస్తున్నదో కూడా అడగాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాస్తుశిల్ప విమర్శ, నంద్యాల, నాపరాయి, పుష్కరిణి, శిఖరం, స్థానికత

ప్రవేశిక

తెలుగులో కవిత్వానికి, కథకు, చిత్రకళకు, సినిమాకు విమర్శ ఉన్నది. కట్టడానికి దాదాపు లేదు. 'వాస్తు' అనే మాట వంటగది ఏ మూలన ఉండాలన్న చర్చకు కుంచించుకుపోయిన తరువాత, ఒక భవనాన్ని చూసి ఇది ఎందుకు బాగున్నది, ఎక్కడ తప్పిందని చెప్పే పరిభాష మనకు మిగలలేదు. శాసనాల ఆధారంగా ప్రాచీన దేవాలయాలను పరిశీలించిన గ్రంథాలు ఉన్నాయి. సమకాలిక నిర్మాణాల దగ్గరకు వచ్చేసరికి పత్రికలు ప్రారంభోత్సవ వార్తతో ఆగిపోతాయి. 2018లో బాలకృష్ణ దోషికి ప్రిట్జ్‌కర్ పురస్కారం లభించినప్పుడు, అది భారతీయునికి దక్కిన తొలి ప్రిట్జ్‌కర్ అయినప్పటికీ, తెలుగులో వచ్చిన స్పందన అభినందన స్థాయిని దాటలేదు.

ఈ స్థితిలో నంద్యాల ఆలయం ఒక మంచి అవకాశం. అది రాయలసీమ నేలమీద, రాయలసీమ రాతితో కట్టినది. అంతర్జాతీయ నిర్మాణ పత్రికలు దానిని ఛాయాచిత్రాలతో ప్రచురించాయి. అది నిలిచిన నేల భాషలో మాత్రం దానిపై జరిగిన చర్చ స్వల్పం.

సంస్థ పద్ధతి: రెండు పూర్వనిర్మాణాలు

పడోరా సంస్థ రూపకల్పనతోపాటు పరిశోధన కూడా చేస్తుంది. ముంబయిలోని పాత చాళ్లను, సామూహిక గృహాలను కొలిచి, గీసి, 2016లో 'ఇన్ ద నేమ్ ఆఫ్ హౌసింగ్' అనే గ్రంథంగా వెలువరించింది. ఉన్నదానిని మొదట కొలవడం, తరువాత గీయడం ఈ సంస్థ అలవాటు. దాని నిర్మాణాల బలం చాలావరకు ఇక్కడిదే.

మహారాష్ట్రలోని సాఖర్‌వాడీలో నిర్మించిన జేతవన్ ఒక బౌద్ధ అధ్యయన కేంద్రం. ఉన్న చెట్లలో ఒక్కదానినీ కొట్టకూడదన్న నియమం వల్ల అది ఒకే భవనంగా కాక, చెట్ల సందుల్లో విడివిడి కట్టడాలుగా రూపొందింది. గోడలకు వాడినది సమీపంలోని బసాల్టు క్వారీల్లో వృథాగా మిగిలే రాతిపొడి. దానిలో బూడిద కలిపి, అచ్చుల్లో పోసి దిమ్మిస చేశారు. ఇందులో భుజ్‌లోని హున్నర్‌శాల సంస్థ సహకారం ఉన్నది. క్వారీ వ్యర్థం గోడగా మారిన ఈ సందర్భాన్ని గుర్తుంచుకోవాలి. నంద్యాలలో క్వారీ మరో రూపంలో మళ్లీ ఎదురవుతుంది.

కోపర్‌గావ్‌లోని పాఠశాల ఆవరణలో నిర్మించిన మాయా సోమైయా గ్రంథాలయం ఇంతకంటే సాహసోపేతమైనది. సన్నని ఇటుక పలకలను పొరలుగా పేర్చే స్పెయిన్ కాటలాన్ ప్రాంతపు పద్ధతిలో దాని కప్పు లేచింది. బరువంతా ఒత్తిడిగానే నేలకు దిగేలా ఆకృతిని లెక్కగట్టడానికి జ్యూరిక్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన రైనోవాల్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడారు. పిల్లలు దానిపైకి ఎక్కి అటునుంచి ఇటు దిగవచ్చు. లోపల అంచుల వెంట కప్పు నేలకు దగ్గరగా వంగుతుంది. అక్కడ పిల్లలు కింద కూర్చుని చదువుకుంటారు. ఎత్తు పెరిగిన చోట బల్లలు ఉంటాయి. లోపలి అమరికను విడిగా అలంకరించవలసిన పని లేకుండా కప్పు వంపే దానిని నిర్ణయించింది. సంస్థ చేసిన గృహాలంకరణ పనులన్నింటికంటె ఈ ఒక్క గది ఎక్కువ నేర్పుతుంది.

అయితే ఈ గ్రంథాలయంలో పద్ధతి స్పెయిన్‌ది, లెక్క స్విట్జర్లాండ్‌ది, ఇటుక మాత్రం స్థానికం. కనుక దానిని 'స్థానిక నిర్మాణం' అని పొగిడేవారు ఆ మాటను కొంత వదులుగా వాడుతున్నట్లే. ఇది నిర్మాణంలోని లోపం కాదు. ప్రశంసలోని లోపం.

నంద్యాల: రాయి

నంద్యాల ప్రాంతపు భూగర్భానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లన్నీ ఆ ప్రాంతపు ఊళ్ల పేర్లే. బనగానపల్లె క్వార్ట్‌జైట్, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్: ఇవన్నీ కర్నూలు శిలాసముదాయంలోని పొరలు. ఇక్కడి సున్నపురాయికి రెండు జీవితాలున్నాయి. పలకలుగా విడదీస్తే అది నాపరాయి. బేతంచెర్లలో కోసి, మెరుగుపెట్టి, ఇళ్ల నేలకు పరుస్తారు. పొడిచేసి కాలిస్తే అది సిమెంటు.

రాయలసీమ ఇళ్లకు నాపరాయి కొత్త కాదు. మిద్దె ఇంట్లో దూలాలమీద బండలు పరిచి, పైన మట్టి దిమ్మిస చేసే పద్ధతి తరతరాలది. అక్కడ బండ రెండు దూలాల మధ్య వంగుతూ బరువు మోయాలి. రాతికి అది బలహీనమైన స్థితి. అందుకే దూలాలు దగ్గరదగ్గరగా ఉండేవి. నంద్యాల ఆలయంలో అదే జాతి నల్లని పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, ప్రతి వరుసను కింది వరుసకంటె కొద్దిగా లోపలికి జరుపుతూ శిఖరం దాకా తీసుకువెళ్లారు. నిర్మాణశాస్త్రంలో దీనిని కార్బెలింగ్ అంటారు. ఇందులో పలక ప్రధానంగా ఒత్తిడినే భరిస్తుంది. రాతికి సహజంగా చాతనయిన పని అదే. ఇంటి నేలమీద కాళ్లకింద నలిగే బండ ఇక్కడ గర్భగుడి తలమీదికి చేరింది. ఈ ఆలయంలో ఇంతకుమించిన అలంకారం లేదు. అక్కరలేదు కూడా.

శిఖరం: దూరపు నమూనా, దగ్గరి నమూనా

రూపశిల్పుల వివరణ ప్రకారం ఆలయ విన్యాసానికి ఆధారం తిరుపతిలోని 10వ శతాబ్దపు ఆలయం. బాలాజీకి, వరాహస్వామికి విడివిడి ఆలయాలు, వాటి నడుమ పుష్కరిణి: తిరుమలలో స్వామి పుష్కరిణి ఒడ్డున ఉన్న వరాహస్వామిని ముందు దర్శించాలన్న ఆచారం తెలిసిన భక్తునికి ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. భక్తుని దృష్టిలో ఇది సరైన నిర్ణయమే.

అయినా మెట్లు మెట్లుగా కుంచించుకుపోయే ఈ శిఖరానికి తిరుమల ఆనందనిలయంతో పోలిక తక్కువ. దీనికి దగ్గరి బంధువులు అలంపురం చెంతనున్న పాపనాశి ఆలయాల మెట్ల కప్పులు. అంతస్తులు తగ్గుతూ పైకిపోయే, శిల్పభారం లేని ఆ ఫాంసన శైలి కప్పులను చూసినవారికి నంద్యాల శిఖరం కొత్తగా అనిపించదు. పాతదానికి కొనసాగింపుగా అనిపిస్తుంది. ఆలయాన్ని 'ఆధునిక' శిఖరమని, 'సంప్రదాయాన్ని సరళీకరించిన' రూపమని వర్ణించడం పరిపాటి. అలా వర్ణించేవారు సంప్రదాయమంటే కిక్కిరిసిన గోపురమేనని భావిస్తున్నారు. సరళత కూడా ఈ నేల సంప్రదాయమే. సంస్థ ఆ సంగతి చెప్పుకుని ఉంటే దాని వాదం మరింత బలపడేది.

పుష్కరిణి

ఆలయంలో అతి ముఖ్యమైన భాగం శిఖరం కింద లేదు, కోనేటిలో ఉన్నది. చుట్టూ పత్తి, మిరప పొలాలు. వాటికి ఆధారం చిన్నచిన్న వాగులు. సున్నపురాతి క్వారీల వల్ల నేల వాలు మారి, వాగులకు చేరవలసిన నీరు చేరక అవి ఎండిపోయాయని రూపశిల్పులే రాసుకున్నారు. దానికి వారి పరిష్కారం, క్వారీల్లో నిలిచి పొంగే నీటిని పుష్కరిణికి మళ్లించడం, అక్కడ భూమిలోకి ఇంకనివ్వడం, తద్వారా వాగుకు మళ్లీ జీవం పోయడం. కోనేటి మెట్లు పండుగనాడు జనం కూర్చునే చోటు కూడా.

ఇందులో ఆలోచన గొప్పది. దానికి నమూనా పది మైళ్లకు అటూఇటుగా ఉన్నది. మహానంది కోనేరు నల్లమల అడుగున పుట్టే ఊటనీటితో ఎప్పుడూ నిండి ఉంటుంది. కోనేటిని దాటిన నీరు వృథా పోదు, పొలాలకు పారుతుంది. భక్తుడు స్నానం చేసిన నీరే రైతు మడిని తడుపుతుంది. కోనేరు ఆలయానికి అలంకారం కాదు, సాగునీటి వ్యవస్థలో ఒక మజిలీ. తిరుపతి నుంచి ఆలయ ప్రణాళికను తెచ్చుకోవచ్చు గాని, నీటి పాఠం నేర్వడానికి మహానందికి వెళ్లాలి.

అయితే ఒక భేదాన్ని దాచకూడదు. మహానంది ఊటకు కర్త లేడు. నంద్యాల పుష్కరిణిలోకి వచ్చేది క్వారీ నీరు. అంటే రాయి తవ్వినందువల్ల పోయిన నీటిని, తవ్విన గుంతనుంచే వెనక్కి ఇస్తున్నారు. ఆలయాన్ని కట్టించినవారు పారిశ్రామిక కుటుంబానికి చెందినవారు. సిమెంటు పరిశ్రమకూ సున్నపురాతి క్వారీకీ ఉన్న సంబంధం ఎవరూ విప్పి చెప్పవలసినది కాదు. ఈ నేపథ్యంలో పుష్కరిణిని దాతృత్వంగా చదవడం పొరపాటు. బాకీ తీర్చడంగా చదవడం న్యాయం. అలా చదివితే ఆలయం విలువ తగ్గదు. బాకీ ఉన్నదని ఒప్పుకున్న కట్టడాలు మనకు ఎన్ని ఉన్నాయి? కాని బాకీ తీరిందా లేదా అన్నది ఛాయాచిత్రం చెప్పలేదు. వానలు వెనుదిరిగాక వాగు ఎన్ని వారాలు పారుతున్నదో, దిగువ బావుల్లో నీటిమట్టం ఎంత మారిందో ఏటేటా కొలిస్తేనే తెలుస్తుంది. చాళ్లను అంగుళం అంగుళం కొలిచిన సంస్థకు వాగును కొలవడం అసాధ్యం కాదు.

పోషణ, పనివారు

శిఖరపు కింది మెట్లలో మట్టి నింపి మొక్కలు పెంచే ఏర్పాటు చేశారు. జనం రాళ్లమీదికి ఎక్కకుండా, లోపల చల్లగా ఉండేలా ఈ ఏర్పాటు. ఉద్దేశం మంచిది. నంద్యాల ఎండల్లో ఆ మొక్కలు బతకాలంటే రోజూ నీళ్లు పోసే మనిషి కావాలి. హైదరాబాదులో రాహుల్ మెహ్రోత్రా సంస్థ 2012లో పూర్తిచేసిన కె.ఎం.సి. కార్యాలయం ఈ విషయంలో ఒక మెట్టు ముందున్నది. అక్కడ భవనం చుట్టూ అల్యూమినియం జాలీతో రెండో పొర కట్టి, దానిపై మట్టి లేకుండా పెరిగే మొక్కలను అల్లించారు. గోడకూ జాలీకీ నడుమ తోటమాలులు తిరిగే దారిని రూపకల్పనలోనే చేర్చారు. కార్యాలయంలో కూర్చున్న అధికారికి కిటికీ అవతల తోటమాలి కనిపిస్తాడు. ఇద్దరి మధ్య అంతరం దానివల్ల తీరదు. కాని పోషణ చేసే మనిషికి భవనంలో ఒక చోటు ఉన్నదని నిర్మాణం ఒప్పుకున్నది. నంద్యాల శిఖరం రూపకల్పనలో అటువంటి చోటు లేదు. పలకలను ఒక్కొక్కటిగా లోపలికి జరుపుతూ పేర్చిన చేతుల ప్రస్తావన కూడా ఈ ఆలయ చర్చలో బలహీనమే. రాతిపనికి వడ్డెరవారు, ఆలయానికి స్థపతి అని పేరుపెట్టి పిలుచుకున్న నేలమీద ఈ మౌనం మరింత స్పష్టంగా వినిపిస్తుంది.

తుంగభద్ర పోలిక

2024లో కర్ణాటకలోని విజయనగర్‌లో ప్రారంభమైన హంపి ఆర్ట్ ల్యాబ్స్‌కూ ఈ సంస్థే రూపకర్త. కళాకారులు వచ్చి ఉండి పనిచేసుకునే కేంద్రమిది. దాని వంపు గోడలకు, కప్పులకు తుంగభద్ర ప్రవాహమే ప్రేరణ అని చెప్పారు. చూడటానికి అవి అందంగానే ఉంటాయి. అయితే అక్కడ నది ఒక గీతగా మారి, ఆ గీత గోడగా మారింది. నీటికి అక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. నంద్యాలలో ఒక్క వంపు కూడా లేదు. అన్నీ సూటి అంచుల పలకలే. అయినా నీటిని నమ్ముకున్న కట్టడం అదే. వాగు పారకపోతే దాని మెట్లకు అర్థం సగానికి సగం పోతుంది.