కపాల నాడుల పటము – ఎం.ఆర్.ఐ. చిత్రము: ఒక విమర్శ

శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథము దేనిని తెరచినను అందొక పటము తప్పక కనబడును. మెదడును కపాలము నుండి వెలికి తీసి, తలక్రిందులు చేసి, దాని అడుగు భాగమును చూపు పటమది. ఆ అడుగు నుండి ఇరువైపుల పన్నెండు జతల నాడులు పసుపుపచ్చని తీగలవలె వెలువడి, కొంత దూరము సాగి, తెగిపోయి యుండును. ప్రతి తీగకును ప్రక్కన ఒక అంకెయు, ఒక పేరును ఉండును. వైద్య విద్యార్థి ఈ పటమును కంఠస్థము చేయును. పరీక్షలో గీసి చూపి మార్కులు పొందును. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట అతని యెదుట ఒక రోగి మెదడు ఎం.ఆర్.ఐ. చిత్రమును ఉంచి, “ఇందు ఆరవ నాడి ఏది?” అని అడిగినచో తరచుగా తెల్లమొగము వేయును.

ఇది విద్యార్థి దోషము మాత్రమే కాదు. ఆ పటము అతనికి ఏమి నేర్పినది, ఏమి నేర్పలేదు అనునది విచారింపదగిన విషయము. అట్లే, ఎం.ఆర్.ఐ. చిత్రము పటమును మించిన సాక్ష్యమని పలువురు నమ్ముచున్నారు. ఆ నమ్మకము ఎంతవరకు న్యాయమైనదో పరిశీలించుటయు అవసరమే.

వాసన, చూపు, కంటి కదలిక, ముఖమున స్పర్శ, నమలుట, నవ్వు, వినికిడి, శరీరపు తూకము, రుచి, మ్రింగుట, కంఠస్వరము, భుజము లేపుట, నాలుక త్రిప్పుట – ఇవన్నియు ఈ పన్నెండు జతల ఆధీనమున నున్నవి. వీనిలో ఒక్కటి చెడినను మనిషి జీవితము తారుమారగును. కావున ఏ నాడి ఏదో గుర్తించుట కేవలము పాండిత్యమునకు సంబంధించినది కాదు.

పటము చరిత్రను ముందు చూడవలెను. 1543లో వెసాలియస్ ప్రకటించిన గ్రంథమున మెదడు కపాలములోనే యుండగా పైనుండి పొరలు పొరలుగా కోసి చూపబడినది. 1664లో థామస్ విల్లిస్ వెలువరించిన గ్రంథము ఈ పద్ధతిని మార్చినది. ఆయన మెదడును చెక్కుచెదరకుండ బయటకు తీసి, దాని అడుగును పరీక్షించెను. తరువాతి కాలమున లండన్‌లోని సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్ ఆ గ్రంథమునకు బొమ్మలు గీసెను. పూర్వము గేలెన్ ఏడు జతలు మాత్రమే లెక్కించి యుండగా విల్లిస్ ఆ లెక్కను పెంచెను. అయినను ముఖ నాడిని, శ్రవణ నాడిని ఆయన ఒకే జతగా భావించెను. 1778లో గోటింగెన్ విశ్వవిద్యాలయమునకు సోమెరింగ్ సమర్పించిన సిద్ధాంత వ్యాసములో పన్నెండు జతల లెక్క స్థిరపడినది. నేటికిని అదియే వాడుకలో నున్నది.

1858లో వెలువడిన హెన్రీ గ్రే గ్రంథమునకు బొమ్మలు గీసినది హెన్రీ వాన్‌డైక్ కార్టర్. ఆయన పిమ్మట బొంబాయి వచ్చి గ్రాంట్ వైద్య కళాశాలలో పనిచేసెను. భాగముల పేర్లను ప్రక్కన గాక ఆయా భాగముల మీదనే వ్రాయుట ఆ బొమ్మల ప్రత్యేకత. చదువరికి ఇది గొప్ప ఉపకారము. పేరును, వస్తువును వేరువేరుగా వెదుకు శ్రమ తప్పినది.

ఈ పటములు చేసిన మేలు సామాన్యమైనది కాదు. చిక్కువడిన తీగల రాశిని అవి క్రమములో పెట్టినవి; ప్రపంచమంతటను వైద్యులు ఒకే అంకెతో ఒకే నాడిని పేర్కొనునట్లు చేసినవి. ఇంత మేలు చేసిన పటములో మూడు లోపములు గలవు.

మొదటిది: పటములోని మెదడు పెరికిన మొక్క వంటిది. వేళ్ళు కనబడును గాని, అవి ఏ మట్టిలో ఎట్లు నాటుకొని యున్నవో కనబడదు. నాడులు సజీవ దేహములో మెదడుకును ఎముకకును నడుమ నున్న ద్రవములో సాగి, కపాలపు అడుగుననున్న రంధ్రముల గుండా బయటకు పోవుచున్నవి. మెదడును పైకి లాగునప్పుడు ఈ మార్గమంతయు తెగిపోవును. ఎం.ఆర్.ఐ. చూచువానికి కావలసినది సరిగా ఆ మార్గమే.

రెండవది: రంగులు. పటములో నాడి పసుపు, ధమని ఎరుపు, సిర నీలము. దేహములో ఎవరును ఇట్లు రంగులు పూసి పెట్టలేదు. ఎం.ఆర్.ఐ. చిత్రములో ఉన్నవి నలుపు, తెలుపు, వాని నడుమనున్న బూడిద ఛాయలు మాత్రమే. రంగును బట్టి గుర్తించుటకు అలవాటు పడిన కన్ను రంగు పోగానే దారి తప్పును.

మూడవది: అడుగు నుండి చూచు పటము వెనుక వైపున జరుగు దానిని చూపజాలదు. నాలుగవ నాడి, అనగా ట్రాక్లియర్ నాడి, మెదడు కాండము వెనుక భాగము నుండి వెలువడును. పన్నెండింటిలో అట్లు వెలువడునది ఇది యొక్కటే. పటములో ఇది కాండము ప్రక్కనుండి తొంగిచూచు చిన్న తీగగా మాత్రమే కనబడును. దీని పుట్టుక ప్రక్కననే అని విద్యార్థి భ్రమపడినచో ఆశ్చర్యము లేదు.

ఇక ఎం.ఆర్.ఐ. సంగతి. శరీరములోని నీటియందు ఉదజని పరమాణువులు అపారముగా గలవు. బలమైన అయస్కాంత క్షేత్రములో వాని కేంద్రకములను రేడియో తరంగములతో కదలించి, అవి తిరిగి ఇచ్చు సంకేతములను గ్రహించి చిత్రము నిర్మింతురు. ఈ విధమున చిత్రము నిర్మింపవచ్చునని 1973లో పాల్ లాటర్బర్ చూపెను. ఆయనకును, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కును 2003లో నోబెల్ బహుమానము లభించినది. ఈ యంత్రము మెదడును కపాలములోనే ఉంచి పొరలు పొరలుగా చూపును. అనగా మూడు వందల సంవత్సరముల పిమ్మట శాస్త్రము విల్లిస్ పద్ధతిని వదలి, కత్తి లేకుండగనే, వెసాలియస్ పద్ధతికి మరలినది. పటమునకు గల మొదటి లోపము ఇక్కడ తీరినది.

కాని పొర మందముగా నున్నచో ప్రయోజనము లేదు. సాధారణ పరీక్షలో పొరలు నాలుగైదు మిల్లీమీటర్ల మందముండును. ట్రాక్లియర్ నాడి ఒక మిల్లీమీటరునకు మించని సన్నని దారము. ఐదు పాళ్ళ మందములో ఒక పాలు మాత్రమే నాడియై, తక్కిన నాలుగు పాళ్ళు ద్రవమైనపుడు, చిక్కని మజ్జిగలో నాలుగింతలు నీరు పోసినట్లు నాడి జాడ పలుచబడిపోవును. అందువలన నాడులను చూడదలచినపుడు ఒక మిల్లీమీటరు కంటె పలుచని పొరలతో ప్రత్యేక పరీక్ష చేయుదురు. యంత్రనిర్మాతలు దీనికి సిస్, ఫియెస్టా మొదలగు పేర్లు పెట్టిరి. ఇందు ద్రవము తెల్లగా మెరయును. ఆ తెలుపు మీద నాడులు నల్లని గీతలుగా కనబడును.

ఈ గీతలపై కార్టర్ బొమ్మలలో వలె పేర్లు వ్రాసి యుండవు. వానిని పోల్చుకొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది ఎక్కడ పుట్టినది? దేని ప్రక్కగా పోయినది? ఏ ద్వారమున బయటపడినది? మూడింటికిని సమాధానము కుదిరినపుడే పేరు పెట్టవలెను.

ఉదాహరణమునకు, మూడవదియగు నేత్రచాలక నాడి మధ్య మెదడు ముందు భాగమున పుట్టి, రెండు కాలువల నడుమ గట్టువలె, రెండు ధమనుల నడుమ సాగిపోవును. ఐదవదియగు త్రిధార నాడి పాన్స్ అను భాగము ప్రక్కనుండి మందమైన త్రాడువలె వెలువడి నేరుగా ముందునకు పోవును. దీనిని గుర్తించుట అన్నింటికంటె సులభము. ఇతర నాడులను వెదకుటకు ఇది మైలురాయి. ఆరవ నాడి పాన్స్‌కును మజ్జాముఖమునకును నడుమనున్న గాడినుండి పుట్టి నిటారుగా పైకి ఎక్కును. కావున అడ్డుకోత పొరలలో అది చాలవరకు చుక్కగా కనబడును. నిలువుకోతలో గీతగా కనబడును. చుక్కయు గీతయు ఒకటే యని తెలియుటకు పొర వెంట పొర చూచుచు పోవలెను. ఒక్క పొరను చూచి పేరు చెప్పువాడు ఊహించుచున్నాడే గాని గుర్తించుట లేదు.

ఏడవ, ఎనిమిదవ నాడులు జంటగా అంతర శ్రవణ నాళములోనికి పోవును. ఆ నాళమును అడ్డముగా కోసినట్లు చూచినపుడు నాలుగు గదుల ఇంటివలె నాలుగు చుక్కలు కనబడును. ముందు వైపు పైనున్నది ముఖ నాడి. దాని క్రిందనున్నది వినికిడి నాడి. వెనుకనున్న రెండును తూకమునకు సంబంధించిన శాఖలు. తొమ్మిది, పది, పదునొకండవ నాడుల విషయములో ఇంత స్పష్టత లేదు. అవి మజ్జాముఖము ప్రక్కనుండి సన్నని పోగులుగా వెలువడి ఒకే రంధ్రమునకు చేరును. వానిని తరచుగా ఒక సమూహముగా మాత్రమే చూడవచ్చును. ఒక్కొక్క పోగుకు ధైర్యముగా ఒక్కొక్క పేరు తగిలించు చిత్రములను పాఠకుడు అనుమానించుటయే మేలు.

ఎం.ఆర్.ఐ.కి కూడ దాని లోపములు గలవు. నాడితోబాటు సన్నని ధమనియు తెల్లని ద్రవములో నల్లని గీతగా కనబడును. రక్తనాళములు మాత్రమే మెరయునట్లు తీసిన మరియొక చిత్రముతో పోల్చి చూడనిదే సందేహము తీరదు. రోగి తల కొంచెము ఒక ప్రక్కకు వ్రాలినచో కుడి నాడి ఒక పొరలోను, ఎడమ నాడి మరియొక పొరలోను కనబడి, ఒక వైపున నాడి లేదను భ్రమ కలుగును. పైగా అడ్డుకోత చిత్రములో రోగి కుడి ప్రక్క చూచువాని ఎడమ ప్రక్కకు వచ్చును.

ఈ పొరపాట్లకు మూల్యము చెల్లించువాడు రోగి. త్రిధార నాడి శూలయే ఇందుకు ఉదాహరణము. ఈ వ్యాధిగ్రస్తులు ముఖము కడుగుకొనుటకును, పండ్లు తోముకొనుటకును భయపడుదురు; పంటినొప్పి యనుకొని పండ్లు తీయించుకొనువారును గలరు. ఈ రోగులలో ధమని నాడికి తగిలి యుండుటను 1930వ దశకమున వాల్టర్ డాండీ గమనించెను. 1967లో పీటర్ జానెట్టా ఆ ధమనిని నాడి నుండి తప్పించు శస్త్రచికిత్సను గూర్చి ప్రకటించెను. ఎంతోమందికి ఇది ఉపశమనము నిచ్చినది. కాని పలుచని పొరల చిత్రములు వచ్చిన పిమ్మట ఒక విచిత్రము బయటపడినది. ఏ నొప్పియు లేని మనుష్యులలో కూడ ధమని నాడికి తగిలి యుండుట తరచుగా కనబడినది. కావుననే 2018లో వెలువడిన అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణములో, కేవలము తగిలి యుండుట చాలదనియు, నాడి మూలము ఒత్తిడిచే సన్నగిల్లుట, ప్రక్కకు జరుగుట వంటి మార్పు కనబడవలెననియు నిర్ణయింపబడినది. చిత్రములో తాకిడి కనబడినంతనే కపాలము తెరవవలెననుట తొందరపాటు.

రెండవ ఉదాహరణము పుట్టుచెవుడు గల శిశువు. చెవిలో వినికిడి యంత్రమును అమర్చు శస్త్రచికిత్సకు ముందు వినికిడి నాడి ఉన్నదా లేదా యని ఎం.ఆర్.ఐ.లో చూతురు. సాధారణముగా అది ప్రక్కనున్న ముఖ నాడి అంత లేక అంతకంటె లావుగా నుండును. నాలుగు చుక్కలకు మూడే కనబడినచో నాడి లేదని వ్రాయుట సులభము. కాని శ్రవణ నాళము ఇరుకైనపుడు అందులో ద్రవము తక్కువగుటచే, ఉన్న నాడియు కనబడకపోవచ్చును. చిత్రములో నాడి కనబడని పిల్లలలో కొందరు యంత్రము అమర్చిన పిమ్మట శబ్దమునకు స్పందించుట కలదు. ఒక్క మాటతో ఆ బిడ్డకు వినికిడి తలుపు మూయుటకు ముందు వైద్యుడు ఇతర శ్రవణ పరీక్షలతో పోల్చి చూడవలెను.

కావున పటమును విసర్జింపవలెనా? అక్కరలేదు. పన్నెండు పేర్లు, వాని వరుస తెలియని వానికి ఎం.ఆర్.ఐ. గీతల గుంపు మాత్రమే. కాని పాఠ్యగ్రంథములలో పటమును ఒంటరిగా అచ్చువేయుట ఇక తగదు. దాని ప్రక్కనే అదే స్థలమునకు చెందిన పలుచని పొరల చిత్రములను, పేర్లు వ్రాయకుండ, వరుసగా నాలుగైదు ముద్రింపవలెను. పేర్లు వెనుక పుటలో ఉండవచ్చును. విద్యార్థి గీతను వెంబడించి, మూడు ప్రశ్నలు వేసికొని, పేరు తానే చెప్పిన తరువాత పుట త్రిప్పి సరిచూచుకొనవలెను. స్పష్టముగా కనబడు నాడులతోబాటు కనబడని నాడిగల చిత్రమును కూడ ఆ గ్రంథములో ఒకటి చేర్చుట అవసరము; ఏలయన వైద్యశాలలో అతనికి ఎదురగునవి అట్టివే.

పరీక్షా నివేదికలు వ్రాయువారికిని ఇదే నియమము వర్తించును. “నాడి కనబడినది”, “నాడి కనబడలేదు”, “నాడి లేదు” – ఈ మూడును వేరువేరు మాటలు. మొదటి రెండింటిని చిత్రము చెప్పగలదు. మూడవ మాటను చెప్పుటకు పొర మందము, నాళము వెడల్పు, రోగి లక్షణములు, ఇతర పరీక్షలు – ఇన్నింటి సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యము చేకూరు వరకు రెండవ మాటతో ఆగుటయే వైద్యునకు ధర్మము.