నిలకడే నేర్పు

2021 నవంబరులో అనంతపురం జిల్లాలో చిత్రావతి నది పొంగి పదిమంది వరద మధ్య చిక్కుకుపోయారు. వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి అందరినీ బయటపడేసింది. ఇలాంటప్పుడు టీవీలో మనకు కనిపించేది తాడు, దానికి వేలాడే మనిషి. పైన హెలికాప్టర్‌ను కదలకుండా నిలిపిన చేతులు కనిపించవు.

ఎగరడం కన్నా గాలిలో ఒకేచోట నిలవడం కష్టం. ఎడమ చెయ్యి ఎత్తును, కుడి చెయ్యి దిశను, పాదాలు ముక్కు తిరిగే తీరును చూసుకోవాలి. ఒకటి కదిపితే మిగతావీ సర్దాలి. సరిగ్గా కిందున్న మనిషి పైలట్‌కు కనిపించడు. తలుపు దగ్గరి సిబ్బంది ‘కొంచెం కుడికి, ఆపండి’ అంటే అంతే జరగాలి. సొంత తెలివి చూపించే చోటు కాదది.

2018 కేరళ వరదల్లో నౌకాదళ పైలట్లు డాబాల మీద చక్రాలు ఆనీ ఆనకుండా, బరువంతా రెక్కలకే వదిలి జనాన్ని ఎక్కించుకున్నారు. సియాచిన్‌లో గాలే పలచన. అక్కడ చీతా హెలికాప్టర్ పైలట్లు ఇంధనం, మనిషి, సరుకు, ప్రతి కిలోకూ లెక్క చూసుకోవాల్సిందే.

2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరద సహాయంలో ఉన్న ఎంఐ-17 గౌరీకుండ్ దగ్గర కూలి 20 మంది చనిపోయారు. అయినా సహాయం ఆగలేదు. ముందుకు దూకే తెగువను అందరూ మెచ్చుకుంటారు. లెక్క కుదరనప్పుడు వెనక్కి తిరిగి, మళ్లీ సరిగ్గా వెళ్లే నిగ్రహానికి అంతకన్నా పెద్ద దండం పెట్టాలి.