తొలి కాన్పు, పక్కన ఒక మనిషి

హైదరాబాద్ శివారు పీర్జాదిగూడలో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనైనా సరే, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్ల ఎక్కిందంటే పక్కింటావిడ అడిగేవి రెండే మాటలు. "కాన్పుకు తల్లిగారింటికి పోతున్నవా, ఇక్కడ్నేనా?" ఆ వెంటనే, "డాక్టరు నార్మలంటున్నదా, ఆపరేషనంటున్నదా?"

రెండో దానికి జవాబు తెలిసే అడుగుతారేమో అనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద చూస్తే 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఇందుకు బిల్లులను, తీరిక లేని డాక్టర్లను, పంచాంగం పట్టుకుని ముహూర్తం అడిగే కుటుంబాలను తిట్టుకోవడం మామూలే, తిట్టాల్సిందీ ఉంది. కానీ తొలిచూలు పిల్ల తానే నోరు తెరిచి "నొప్పులు నావల్ల కాదు మేడమ్, ఆపరేషన్ చేసెయ్యండి" అంటుందే, ఆ మాట వెనకున్న భయం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

భయపడక ఏం చేస్తుంది? ఆ పిల్ల ఒక్క కాన్పు కూడా దగ్గరుండి చూసి ఎరగదు. వాళ్ల అమ్మమ్మ తన పెళ్లినాటికే అక్కల కాన్పులకు వేన్నీళ్లు మోసి ఉంటుంది. తలుపు అవతల ఎంతసేపు మూలిగారో, మర్నాడు లేచి ఎలా కూర్చున్నారో చూసి ఉంటుంది. మనవరాలు చూసింది సినిమా కాన్పు: ఒక ఉరుము, ఒక కేక, ఆపైన పసిబిడ్డ ఏడుపు. పైగా "కాన్పంటే ఆడదానికి మరో జన్మ" అని పెద్దవాళ్లు గౌరవంగానే అంటారు గానీ, వినే పిల్ల చెవికి అందులో చావు ఒక్కటే వినిపిస్తుంది.

ఈ భయం ఒంటి మీద ఏం చేస్తుందో ఇంగ్లండు డాక్టరు గ్రాంట్లీ డిక్-రీడ్ 1930లలోనే రాశాడు. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే భయం ఇంకా ముదురుతుంది. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, భయం లేకపోతే నొప్పే ఉండదన్నంత దూరం వెళ్లాడు. అది అతి. నొప్పి ఉంటుంది. అయితే ఆ చక్రం మాత్రం నిజం. గర్భసంచిని ముడుచుకునేలా చేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. బెదిరినప్పుడు ఊరే అడ్రినలిన్ దాని పనికి అడ్డుపడుతుంది. ఇంట్లో జోరుగా వచ్చిన నొప్పులు ఆసుపత్రి గడప తొక్కగానే నెమ్మదించాయని చాలామంది చెప్పడం వెనక ఇదీ ఒక కారణం.

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలన్న ఆచారాన్ని ఖర్చు ఎవరు పెట్టాలన్న లెక్కగా చూస్తాం. ఆ లెక్క ఉంది, కాదనను. దాన్ని పక్కన పెడితే మిగిలేది భయాన్ని తగ్గించే ఒక ఏర్పాటు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, గాజులు తొడిగి, చుట్టూ కూర్చునేది ఎవరు? కని, బతికి, నవ్వుతున్న ఆడవాళ్లు. కడుపుతో ఉన్నదాని ముందు చెడ్డ కాన్పుల కథలెత్తితే "ఆ పిల్ల ముందరా ఆ మాటలు!" అని నోరు మూయించే పెద్దావిడ ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు ఆ కాపలా లేదు. ఫోన్ తెరిస్తే చాలు, రాత్రి రెండు గంటలకు కూడా చెడ్డ కథలే.

అసలు విద్య నొప్పులు మొదలయ్యాక బయటపడేది. ఉప్పల్ దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ, సొంతూరు జనగామ వైపు, తన కూతురి నడుం మీద చెయ్యి పెట్టి నాకు చూపించింది. కూతురిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చేతులూ తలా మంచం మీద వాల్చమంది. నడుం కింద, వెన్నెముక ముగిసేచోట వెడల్పుగా ఉండే ఎముక మీద అరచేతి మడమ ఆనించి, తన ఒంటి బరువంతా దాని మీద వేసింది. రుద్దలేదు, పిసకలేదు. కదలకుండా నొక్కి పట్టడమే. "నొప్పి లేస్తున్నదంటే ఒత్తాలె, దిగిందంటే తియ్యాలె. నడిమిట్ల తీస్తే నన్నే కొడ్తది" అని నవ్వింది. మరో చెయ్యి కూతురి భుజం మీదే ఉంది. "భుజం దించు బిడ్డా. పండ్లు కొరక్కు, దవడ వదులు. ఊపిరి బయటికి పొడుగ్గ వదులు."

ఆవిడ ఏ క్లాసుకూ వెళ్లలేదు. ప్రసవ శిక్షణ తరగతుల్లో డబ్బు తీసుకుని నేర్పేది మాత్రం ఇదే. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా నోటితో వదలడం. దవడ, భుజాలు, అరచేతులు బిగించకుండా ఉంచడం. కీచుగా అరిచే బదులు గొంతు దించి మూలగడం. మూలిగితే సిగ్గేమీ లేదు, ఊపిరి దానంతటదే పొడుగవుతుంది. ముఖ్యంగా, నొప్పికీ నొప్పికీ మధ్య విరామం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. జోరు మీద ఉన్నప్పుడు కూడా ఒక్కో నొప్పి నిమిషం అటూఇటూ, తర్వాత కాసేపు ఏమీ ఉండదు. భయపడిన మనిషి ఆ ఖాళీలో రాబోయేదాన్ని తలుచుకుని బిగుసుకుంటుంది. పక్కన తెలిసిన మనిషి ఉంటే ఆ ఖాళీలో రెండు గుక్కలు మజ్జిగ తాగిస్తుంది, కళ్లు మూసుకోమంటుంది.

పడుకోబెట్టకపోవడం ఇంకో విద్య. గుంజ పట్టుకుని నిలబడటం, గొంతుకూర్చోవడం, వెనక నుంచి ఒకరు చంకల కింద చేతులేసి ఆనుకోనివ్వడం మన పల్లెల్లో తెలిసినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన ప్రసవ మార్గదర్శకాలు కూడా ప్రమాద సూచనలు లేని తల్లిని నడవనివ్వండి, నిటారుగా ఉండనివ్వండి, తాగనివ్వండి, తిననివ్వండి అంటున్నాయి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టెయ్యడం తల్లి సుఖం కోసం వచ్చింది కాదు, చూసేవాళ్ల సౌకర్యం కోసం వచ్చింది.

ఆ మార్గదర్శకాల్లో తొలిచూలు తల్లులు తెలుసుకోవాల్సిన లెక్క ఇంకొకటుంది. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే నొప్పుల అసలు దశ మొదలైనట్టు. అక్కడి నుంచి తొలి కాన్పుకు 12 గంటల దాకా పట్టొచ్చు. ముక్కే దశ మూడు గంటల వరకూ సాగొచ్చు. గంటకో సెంటీమీటరు తెరుచుకోలేదని, ఆ ఒక్క కారణంతో కంగారు పడక్కర్లేదు. "పొద్దుననంగ వచ్చినం, ఇంకా కాలేదు" అనే మాట సగం భయానికి మూలం. ఎంతసేపు మామూలో ఎవరూ ముందే చెప్పకపోవడమే అసలు తప్పు.

పాతదంతా బంగారం అని రాయడానికి నాకు చెయ్యి రాదు. శుభ్రం లేని చేతులతో, బ్లేడుతో ఎంతమంది తల్లులూ బిడ్డలూ పోయారో మన పల్లెలకు తెలుసు. ముఖద్వారం తెరుచుకోకముందే "ముక్కు, ముక్కు" అని అలసిపోయేలా చేయడం, కడుపు మీద బలంగా నొక్కి బిడ్డను తోయడం ప్రమాదకరం. ఈ రెండోది కొన్ని లేబర్ రూముల్లో ఇప్పటికీ మానలేదు. దాన్ని వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. కాన్పు ఆసుపత్రిలోకి రావడం మంచిదే. వచ్చేటప్పుడు తల్లిని లోపలికి తీసుకుని, ఆమె పక్కనున్న మనిషిని బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడమే చెడ్డపని. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, చేతికి పనిలేక తలుపు వైపు చూసే ఆ అమ్మను ఏ ప్రసూతి వార్డు బయటైనా చూడొచ్చు.

ఆ కుర్చీలోని మనిషి విలువ ఎంతో పరిశోధకులు లెక్కగట్టారు. నొప్పుల పొడుగునా ఒకరు తోడుంటే ఏమవుతుందన్న దాని మీద 15 వేలకు పైగా తల్లులతో జరిగిన 26 అధ్యయనాలను 2017లో కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్ష కలిపి చూసింది. తోడున్నవాళ్లకు మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల సమయం కాస్త తక్కువ. అందులో మందూ లేదు, యంత్రమూ లేదు. కేంద్ర ప్రభుత్వం 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సహచరిని అనుమతించమంది. కని అనుభవమున్న ఆడమనిషి అయితే మంచిది, మరుగు ఏర్పాట్లుంటే భర్త కూడా రావచ్చు.

ఈ విద్యకు చదువు జోడించే పని మొదలైన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆధ్వర్యంలో 2011 నుంచి మిడ్‌వైఫ్‌లను తయారుచేస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్‌తో కలిసి సర్కారు నర్సులకూ శిక్షణ మొదలుపెట్టింది. మంత్రసాని చేతి ఓర్పు, నర్సు చేతి శుభ్రత, ఎప్పుడు డాక్టర్ని పిలవాలో తెలిసిన చదువు ఒక్క మనిషిలో ఉండాలన్నది ఆలోచన. ఇలాంటివాళ్లు ప్రతి పేటలోనూ దొరికేదాకా ఇంకా చాలా దూరం ఉంది.

అప్పటిదాకా మన పీర్జాదిగూడకు తోడు అమ్మే. ఇక్కడ కాపురముంటున్న చాలామందికి తల్లిగారిల్లు వరంగల్ రోడ్డు వెంటే, భువనగిరిలోనో ఆలేరులోనో. పిల్ల అటు పోయే బదులు ఇప్పుడు అమ్మే బస్సెక్కి ఇటు వస్తోంది. ఇది మంచి మార్పే, వచ్చిన అమ్మ వంటింటికి పరిమితం కాకపోతే. చివరి నెలలో ఒకసారి ఆమెను చెకప్‌కు వెంట తీసుకెళ్లి, డాక్టర్ని మొహమాటం లేకుండా అడగాలి: నొప్పులప్పుడు అమ్మను లోపల ఉండనిస్తారా, నడవనిస్తారా, ఏమన్నా తాగొచ్చా? నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ ఉందా? అది అడిగితే తక్కువేం కాదు. లోపలికెవరినీ రానివ్వమంటే వేరే ఆసుపత్రి చూసుకోవడానికి ఇంకా టైముంది. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనుల పుణ్యమా అని ఆ రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో చెప్పలేం కాబట్టి, దారి కూడా ఓసారి చూసుకోవడం మేలు.

నిద్ర పట్టనంత, కడుపు నిలిచినందుకే దిగులు పుట్టేంత భయమైతే అది ధైర్యం చెబితే పోయేది కాదు. దానికి వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పాలి. ఇక రక్తం పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పచ్చగా కనిపించినా, తల పగిలేంత నొప్పితో చూపు మసకబారినా ఊపిరి లెక్కలూ నడుం నొక్కడాలూ చూసుకుంటూ కూర్చోకూడదు. వెంటనే బండెక్కాల్సిందే, అమ్మను కూడా ఎక్కించుకుని.