ద్రష్టృశబ్దవిచారము

కలకడసీమకు పొరుగుననున్న మదనపల్లెలో 1895వ సంవత్సరమున జన్మించిన జిడ్డు కృష్ణమూర్తికిని, భౌతికశాస్త్రజ్ఞుడగు డేవిడ్ బోమునకును 1980లో జరిగిన సంవాదములు 1985లో గ్రంథరూపము దాల్చినవి. వీనిని చూపి, క్వాంటమ్ శాస్త్రము అద్వైతమును స్థాపించినదని చెప్పువారు పెక్కురు కలరు. ఆ వాదమంతయు “ద్రష్ట” యను నొక్క శబ్దముపై నిలిచియున్నది. ఆ శబ్దమో, రెండుచోట్ల నొకే యర్థమున లేదు.

క్వాంటమ్ శాస్త్రమున చూచునది చేతనమే కానక్కరలేదు. ఎలక్ట్రాను తాకిన ఛాయాచిత్రఫలకము చాలును. దాని నెవ్వరును చూడకపోవచ్చును. “కట్టెలు వండుచున్నవి” అనునపుడు కరణమునకే కర్తృత్వము వివక్షితమైనట్లు, ఇచట ఫలకమునకు ద్రష్టృత్వము. విగ్నరు 1961లో చైతన్యమునకు చోటీయజూచెను గాని, పిదప తానే యా మతమును విడిచెను. శంకరుల సాక్షి యన్ననో కర్తయే కాదు. కొలతచే కణస్థితి మారును. సాక్షి చూచుటచే దృశ్యమున నే వికారమును కలుగదు.

మరియొక చిత్రము. బోము 1952లో ప్రకటించిన సిద్ధాంతమున, ఎవరు చూచినను చూడకున్నను కణమునకు నియతమగు స్థానము కలదు. కృష్ణమూర్తి సరసన కూర్చున్న శాస్త్రజ్ఞుడే తన గణితమున ద్రష్ట నక్కరలేకుండ జేసినవాడు! కృష్ణమూర్తియు ద్రష్టకు దృశ్యమునకు భేదము లేదనెనే కాని, ఉపనిషత్ప్రామాణ్యము నంగీకరింపలేదు. దృగ్దృశ్యవివేకమో, ఆ రెంటిని వేరుపరచుటతోనే యారంభమగును. బోము 1980నాటి గ్రంథమున చెప్పిన అఖండత్వము సైతము నిరంతరచలనరూపము. అద్వైతుల బ్రహ్మము నిశ్చలము, నిర్వికారము.