పాట లేని పటం మూగది

ఖరగ్‌పూర్‌లో లోకల్ ఎక్కి బాలిచక్‌లో దిగి, పింగ్లా దారి పడితే నయా గ్రామం వస్తుంది. సాలువాలో పుట్టి పెరిగిన నాకు అది పుణ్యక్షేత్రంతో సమానం. ఊరినిండా పటాలు గీసి పాడే పటువాలే, ఇంటిపేరు చిత్రకార్. ఇంటి గోడలు కూడా బొమ్మలతో పలకరిస్తాయి.

పటువా పటం విప్పుతుంటే చూసి తీరాలి. ఒక చేత్తో చుట్ట దించుతూ, మరో చేతి వేలు బొమ్మ మీద ఆనించి గొంతెత్తుతారు. చేపల పెళ్ళి పటం చూడండి. చిన్నాపెద్దా చేపలన్నీ ముస్తాబై ఊరేగుతుంటాయి. వేలు ఒక్కొక్క చేపనూ పరిచయం చేస్తూ పోతుంది. అట్టడుగున వాలుగ చేప నోరు తెరుచుకుని ఉంటుంది. వేలు అక్కడికి చేరేసరికి చుట్టూ కూర్చున్న పిల్లలు ఊపిరి బిగబడతారు.

రంగులన్నీ పెరటివే. శంఖపుష్పం నీలమిస్తుంది, చిక్కుడాకు పసరు ఆకుపచ్చనిస్తుంది, పసుపుకొమ్ము, దీపపు మసి సరేసరి. కొబ్బరిచిప్పల్లో మారేడు జిగురు కలిపితే ఆ రంగు కాగితాన్ని వదలదు. వెనక పాతచీర గుడ్డ అతికిస్తారు. ఈ విద్య తాతముత్తాతల నాటిదని పెద్దలంటారు. 1930లలో జానపద కళాభిమాని గురుసదయ్ దత్ ఊరూరా తిరిగి పటాలూ పాటలూ సేకరించారు.

దుఃఖుశ్యామ్ చిత్రకార్‌కు చేతులెత్తి మొక్కాలి. ఆడవాళ్ళకు బొమ్మా పాటా నేర్పిన మహానుభావుడాయన. ఆ ఊరి స్వర్ణ చిత్రకార్ పేరు ఇవాళ విదేశాల్లో మోగుతోంది. మొయ్నా చిత్రకార్ సీత కళ్ళతో రామాయణం గీస్తే ఆ పుస్తకం అమెరికాలో అత్యధిక అమ్మకాల జాబితాకెక్కింది. మను చిత్రకార్ మార్టిన్ లూథర్ కింగ్ జీవితాన్ని పటువా గీతలోకి దించేశారు. సునామీ వచ్చినా, న్యూయార్క్ జంట భవనాలు కూలినా ఇక్కడ పటం పుట్టింది, పాటా పుట్టింది.

ఈ పటువాలు నమాజు చేస్తారు, సర్పదేవత మనసాదేవి కథ పాడతారు. ఎటువైపు వాళ్ళు మీరని ఇరువైపులా నిలదీసినా కుంచె దించలేదు. ఆ ప్రశ్న ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళమైన మాకూ కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కొలువుకని మా తాత శ్రీకాకుళం వదిలి వచ్చాడు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పక్కింట్లో బెంగాలీ. ఊరెళ్తే ఖరగ్‌పూర్ వాళ్ళమంటారు, ఇక్కడేమో మద్రాసీలమంటారు. నయా వెళ్ళొచ్చాక నాకు ఆ దిగులు పోయింది. పాడుకునే కథ ఉన్నవాడికి రెండు ఊళ్ళుంటే తప్పేమిటి?

నా కడుపుమంట వేరే ఉంది. మిషన్ మీద దించిన అచ్చుబొమ్మలను పటచిత్రమని చవగ్గా అంటగడుతున్నారు. గీసినవాడి చెయ్యి లేదు, మారేడు జిగురు వాసన లేదు. కొనేవాళ్ళూ తక్కువ తినలేదు. పాట వినే ఓపిక లేక, గోడ కొలత చెప్పి బేరమాడి పోతారు. ఇది పటువా గొంతు నులమడం కాదా?

పాట పోతే ఏమవుతుందో తెలంగాణ చేర్యాలలో చూశాం. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పటం వేలాడదీసి కులపురాణం చెప్పేవారు. చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. ఆ పటాలు గీసే నకాషీల గజాల కొద్దీ పటం ముక్కలై అద్దాల ఫ్రేముల్లోకి చేరింది. బొమ్మ బతికింది, కథ నోరు పడిపోయింది.

నయాలో ఇంకా గొంతులున్నాయి. 2010 నుంచి ఏటా అక్కడ పట్‌మాయా అనే పటాల పండగ జరుగుతోంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళారా, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. చాప మీద కూర్చోండి. ధర తర్వాత అడగొచ్చు, ముందు పాడించుకోండి.