గోధుమ, నలుపు, నారింజ

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకి ఒక మంత్రం గుర్తుండే ఉంటుంది: బి.బి. రాయ్ గ్రేట్ బ్రిటన్ వెరీ గుడ్ వైఫ్. దానికి అర్థం లేదు, ఉండక్కర్లేదు. బ్లాక్, బ్రౌన్, రెడ్, ఆరెంజ్, ఎల్లో అంటూ, కరెంటుని అదుపుచేసే రెసిస్టర్ అనే విడిభాగం మీది రంగుల వరస పరీక్షలో తప్పిపోకుండా ఎవరో అల్లిపెట్టిన గొలుసు అది. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, అలా తెలుపు తొమ్మిది దాకా. వడ్లగింజంత ముక్క మీద అంకెలు అచ్చు వేస్తే కనపడవు, తిరగబడి కూర్చుంటే అసలే చదవలేం. అందుకని దాని ఒంటి చుట్టూ రంగు గీతలు గీశారు.

మంత్రం బట్టీపట్టిన మాకు తట్టని సంగతి ఒకటుంది. ఇది అక్షరం రానివాళ్లు కూడా చదవగలిగే లిపి. దాన్ని ఆ చూపుతో చూసినవాళ్లు రాజస్థాన్‌లో, అజ్మీర్ జిల్లా తిలోనియా అనే పల్లెలో ఉన్నారు. చిత్రమేమంటే, అక్కడి కాలేజీ పెట్టినాయన ఇంటిపేరు కూడా రాయే.

సంజిత్ రాయ్‌ని అందరూ బంకర్ రాయ్ అంటారు. డూన్ స్కూల్లో, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో చదువుకుని, పెద్ద ఉద్యోగం చేస్తాడని ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తుంటే పల్లెలకి వెళ్లి బావులు తవ్వారు. 1972లో ఆయన తిలోనియాలో మొదలుపెట్టిన సంస్థకే బేర్‌ఫుట్ కాలేజీ అన్న పేరు స్థిరపడింది. చెప్పుల్లేని కాళ్ల కాలేజీ అన్నమాట. అక్కడ పట్టా ఇవ్వరు. ఇస్తే అది పట్టుకుని పట్నం పోతారని రాయ్ వాదన. మగవాళ్ల మీద ఆయనకి ఈ విషయంలో బొత్తిగా నమ్మకం లేదు. అందుకే సోలార్ పని నేర్చుకోవడానికి పల్లెనొదిలి ఎక్కడికీ పోని నడివయసు ఆడవాళ్లని, వీలైతే మనవల్ని ఎత్తుకున్న అమ్మమ్మల్ని పంపమంటారు.

2008 నుంచి మన విదేశాంగ శాఖ ఐటెక్ పథకం కింద ఖర్చు భరిస్తుండడంతో ఆఫ్రికా నుంచి, ఇంకా ఎక్కడెక్కడి దేశాల నుంచో వీళ్లు వస్తున్నారు. ఒకే బల్ల దగ్గర స్వాహిలీ, అరబ్బీ, ఫ్రెంచి, స్పానిష్. నేర్పేవాళ్లు చూస్తే బడి చదువు అంతంతమాత్రంగా ఉన్న రాజస్థానీ పల్లెవాసులు. గడువు ఆరు నెలలు. ఇదంతా ఎలా సాగుతుంది?

రంగులతో, సైగలతో, బొమ్మల పుస్తకాలతో సాగుతుంది. చెయ్యి చూసి చెయ్యి నేర్చుకుంటుంది. గోధుమ, నలుపు, ఎరుపు వరసగా ఉంటే వెయ్యి ఓములు. మూడో గీత నారింజ అయిందా, పదివేలు. ఒక్క గీత తేడాకి విలువ పదింతలు మారిపోతుంది. ఇక్కడ వీళ్ల పాత విద్య పనికొస్తుందని నాకనిపిస్తుంది. చేటలో బియ్యం పోసి మెరిక ఏదో రాయి ఏదో ఏరిన కంటికి నారింజకీ ఎరుపుకీ తేడా కనిపెట్టడం పెద్ద పనా? డయోడ్‌కి ఒక కొసన పట్టీ ఉంటుంది, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి మైనస్ వైపు చార ఉంటుంది, ఎల్ఇడికి ప్లస్ కాలు పొడుగు. ఏది ఎటు తిరగాలో ఆ వస్తువే చెబుతుంది. అడిగే ఓపిక మనకుండాలి.

సోల్డరింగ్ మాత్రం చూపుతో వచ్చేది కాదు. కొత్తవాళ్లు కాలిన ఇనుము మీద సీసం కరిగించి, దాన్ని తెచ్చి అతుకు మీద పూస్తారు. అది తప్పు. ముందు తీగ కాలునీ రాగి బిళ్లనీ కలిపి వేడెక్కించి, ఆ వేడికి సీసం తనంతట తాను కరిగి పాకేట్టు చెయ్యాలి. కంసాలి టంకం పెట్టే సూత్రమే ఇది. బాగా కుదిరిన అతుకు చిన్న శంకువులా, నిగనిగలాడుతూ ఉంటుంది. కుదరనిది ఉండ కట్టి మసకబారుతుంది. దాంతో ఇవాళ దీపం వెలుగుతుంది, వానాకాలం వచ్చేసరికి అతుకు వదిలేస్తుంది. అప్పుడు దాన్ని వెతికి పట్టుకునేది కూడా అతికిన ఆవిడే.

చార్జ్ కంట్రోలర్ తయారు చెయ్యడం వస్తే పనిమంతురాలిగా తేలినట్టే. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండగానే ప్యానెల్ని ఆపి, మరీ అడుగంటకముందే దీపాల్ని కట్ చేసే పెట్టె అది. ఇది సరిగ్గా లేకపోతే బ్యాటరీ అర్ధాయుష్షుతో పోతుంది.

ఈ చదువు ఎంత కష్టమో 2012లో వచ్చిన ‘సోలార్ మామాస్’ డాక్యుమెంటరీలో చూడొచ్చు. జోర్డాన్ ఎడారి నుంచి వచ్చిన ఒక తల్లిని, విడాకులిస్తానని బెదిరించి భర్త మధ్యలోనే వెనక్కి పిలిపిస్తాడు. ఆమె వెళుతుంది. మళ్లీ వచ్చి చదువు పూర్తిచేస్తుంది. ఆమెకి సర్క్యూట్ కంటే సంసారమే చిక్కు.

చదువు ముగించినావిడ తన ఊరికి తిరిగెళ్లి సోలార్ దీపాలు పెట్టాక, ఇంటికింతని ఊరివాళ్లు నెలనెలా కడతారు. ఎంతన్నది ఊరి కమిటీయే తేలుస్తుంది. కిరసనాయిలుకి పెట్టిన డబ్బే ఇటు మళ్లుతుంది, అందులోంచే ఆమె జీతం, విడిభాగాల ఖర్చు. నాకున్న అనుమానం ఒక్కటే. లెడ్ ఆసిడ్ బ్యాటరీకి కొన్నేళ్లే ప్రాణం. అది చచ్చినరోజు కొత్తది కొనడానికి కమిటీ దగ్గర డబ్బుందా లేదా అన్నదాని మీదే ఆ ఊరి దీపం ఆధారపడి ఉంటుంది. దీపం వెలిగినరోజు ఫొటోలు ఎవరైనా తీస్తారు. నాలుగేళ్ల తర్వాత వెళ్లి తీసిన ఫొటోలు నాకు చూడాలని ఉంది.

మీ అటకమీద పాడైన పాత రేడియో ఉంటే దించి, వెనకమూత విప్పండి. ఒక రెసిస్టర్ వెతికి, బంగారు గీత కుడివైపుకి వచ్చేలా చూసుకుని, ఎడమనుంచి చదవండి. గోధుమ, నలుపు, నారింజ కనిపిస్తే పదివేల ఓములు.