చివరి రీలు దాకా

హిజ్రా అమ్మా, గడివేములలో బస్సెక్కి నంద్యాల బజారులో దిగుతావు. కొట్టు ముందు నిలబడి చప్పట్లు చరిస్తే పది రూపాయలు విసిరి మొహం తిప్పుకుంటారు. కొత్త కొట్టు తెరిచిన రోజున మాత్రం వాళ్లే కబురు పెడతారు. రూపాయి బిళ్లను నీ పంటితో కొరికించుకుని, కళ్లకద్దుకుని, గల్లాపెట్టెలో దాచుకుంటారు. నీ దీవెన కావాలి, అద్దెగది అడిగితే మాత్రం లేదంటారు. అయినా దీవిస్తున్నావే, ఆ నోటికి దండం.

సినిమాల్లో మన సీమ మట్టి మీద ఎన్ని సుమోలు గాల్లోకి లేచాయి, ఎన్ని వేటకొడవళ్లు మెరిశాయి! ఆ దుమ్ములో నీ మొహం నాకు కనపడలేదు. 2011లో ‘కాంచన’ సినిమా వచ్చింది. కన్నవాళ్లు గెంటేసినా నిలదొక్కుకుని, గీత అనే పిల్లను పెంచి డాక్టరును చేసిన తల్లి అందులోని కాంచన. ఆస్పత్రికని కొన్న స్థలం కోసం ఎమ్మెల్యే చంపేశాడు. దయ్యమై పగ తీర్చుకుంటే హాలంతా ఈలలు. ప్రాణముండగా ఆమెకు దక్కిన న్యాయమేది?

జపాన్‌లోనూ ఇదే రాత. 2020 నాటి ‘మిడ్‌నైట్ స్వాన్’ సినిమాలో నీలాంటి నగీసా షింజుకు క్లబ్బులో ఆడి బతుకుతుంది. కన్నతల్లి పట్టించుకోని బంధువుల పిల్లను చేరదీసి, ఆ పిల్ల బ్యాలే చదువు కోసం ఒళ్లు హూనం చేసుకుంటుంది. కథ ముగిసేలోగా కన్నుమూస్తుంది. కనకుండానే తల్లులైన ఇద్దరినీ కథలు బతకనివ్వలేదు. ఇద్దరి వేషమూ మగ నటులే కట్టారు. ఆ నటన గొప్పదే, కాదనను. నీ చోటు ఖాళీగానే ఉంది.

చట్టం మాత్రం కాస్త కదిలింది. చీర కట్టి వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకోమన్న 1919 నాటి నిజాం చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. పిల్లలు పుట్టే శక్తి తీయించుకుంటేనే కాగితాల్లో ఆడా మగా మారుస్తామన్న నిబంధన చెల్లదని అదే ఏడాది అక్టోబరులో జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది.

నీ కథ చెప్పడానికి ఎవరో రానక్కర్లేదు. నీలాంటి రేవతి తన బతుకు తానే రాసుకుంది. పి.సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేస్తే, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

సినిమా తీసే అన్నలారా, ఈసారి సీమ కథలో ఈ అమ్మకో ఇల్లు రాయండి. వేషం ఆమెకే ఇవ్వండి. చివరి రీలు దాకా బతకనివ్వండి.